బిడ్డ మెడ మీద మచ్చ కనిపిస్తే

(సాయంకాలం చదువు కేంద్రంలో తల్లులకు చేసిన ప్రసంగం)



బిడ్డకు జ్వరం వస్తే తల్లికి వెంటనే తెలుస్తుంది. నుదురు మీద చెయ్యి పెట్టి చూస్తుంది. విరేచనాలైతే తెలుస్తుంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పడుతుంది. చెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే తెలుస్తుంది. కట్టు కట్టించడానికి తీసుకుపోతుంది.

కానీ బిడ్డ గొంతుకు తాడు బిగుసుకుని వదిలితే? ఎవరైనా కోపంలో బిడ్డ గొంతు పిసికి వదిలేస్తే? ఆ దెబ్బ చాలాసార్లు పైకి కనిపించదు. బిడ్డ లేచి కూర్చుంటుంది. కాసేపు ఏడుస్తుంది. మళ్లీ ఆడుకోవడానికి పోతుంది. "గండం గడిచింది, ఇంకేం కాదులే" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఆ రాత్రో మర్నాడో గొంతు లోపల వాపు వస్తుంది. ఊపిరి ఆడదు. అప్పుడు ఉరుకులు, పరుగులు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుంది.

అందుకే ఈ సంగతి తల్లులకు తెలియాలి. ఇందులో మూడు మాటలున్నాయి. ఒకటి, మెడకు దెబ్బ తగిలిందని గుర్తుపట్టడం. రెండు, వెంటనే ఏం చెయ్యాలో తెలుసుకోవడం. మూడు, ఆ దెబ్బ ఎలా తగిలిందో తెలుసుకోవడం. మూడోదే కష్టం. దాని గురించి ఎవరూ నోరు విప్పరు.

మెడలో ఏముంది?

మెడ చిన్నది. కానీ ప్రాణానికి అదే దారి. ఊపిరి గొట్టం మెడలోనే ఉంది. అన్నం దిగే గొట్టం అక్కడే ఉంది. మాట పుట్టే పెట్టె అక్కడే ఉంది. గుండె నుంచి మెదడుకు మంచి రక్తం మెడలోంచే పోతుంది. మెదడు నుంచి చెడు రక్తం మెడలోంచే దిగుతుంది. మెడ వెనక ఎముకలు ఉన్నాయి. ఆ ఎముకల లోపల వెన్నుపాము ఉంది.

గొంతు బిగిస్తే ఊపిరి గొట్టం మూసుకుపోయి మనిషి చనిపోతారని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఊపిరి గొట్టం కన్నా ముందు రక్తం దారి మూసుకుపోతుంది. పెద్దవాళ్ల మెడ గురించి వైద్యులు ఒక లెక్క చెబుతారు. సుమారు 2 కిలోల ఒత్తిడి చాలు, చెడు రక్తం కిందికి దిగే నాళం మూసుకుంటుంది. సుమారు 5 కిలోలు పడితే మంచి రక్తం పైకి పోయే నాళం మూసుకుంటుంది. ఊపిరి గొట్టం మూసుకోవడానికి సుమారు 15 కిలోలు కావాలి. అంటే దాదాపు ఒక నిండు బిందె బరువు.

ఇది పెద్దవాళ్ల లెక్క. పిల్లల మెడ మెత్తన. తల పెద్దది, మెడ సన్నం. వాళ్లకు అంత ఒత్తిడి కూడా అక్కర్లేదు.

మెదడుకు రక్తం ఆగిపోతే సుమారు 10 సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు ఆగితే మెదడు చెడిపోవడం మొదలవుతుంది. పొయ్యి మీద పాలు పొంగేలోపే అంతా అయిపోతుంది.

ఇంకో మాట బాగా గుర్తుంచుకోండి. గొంతు బిగిసిన బిడ్డ అరవలేదు. గాలి లేకపోతే గొంతులోంచి శబ్దం రాదు. పక్క గదిలో ఉన్న తల్లికి ఏమీ వినిపించదు. "ఏడుపు వినిపించలేదు, హాయిగా నిద్రపోతుందనుకున్నా" అని తర్వాత తల్లులు ఏడుస్తారు.

ఎలా బిగుసుకుంటుంది?

చీర ఉయ్యాల తెలియని ఇల్లు లేదు. దూలానికో కొక్కేనికో చీర కట్టి బిడ్డను పడుకోబెడతారు. పసిబిడ్డకు అది అమ్మ ఒడి లాంటిదే. కానీ నాలుగైదేళ్ల పిల్లలు, పదేళ్ల పిల్లలు ఆ ఉయ్యాలలో కూర్చుని గిరగిర తిరుగుతారు. చీర మెలిక పడుతుంది. మెడ ఆ మెలికలో ఇరుక్కుంటుంది. ఎంత పెనుగులాడితే అంత బిగుస్తుంది.

ఓణీ, చున్నీ కూడా అంతే. మోటారు సైకిల్ వెనక కూర్చున్న ఆడపిల్ల చున్నీ చక్రంలో పడుతుంది. నూర్పిడి యంత్రం దగ్గర పని చేసేటప్పుడు ఓణీ కొస యంత్రంలో పడుతుంది. క్షణంలో మెడకు బిగుస్తుంది.

ఇంకా ఏమున్నాయి? పశువుల పలుపుతాడు. బట్టలారేసే దండెం. కిటికీ పరదాల తాడు. మంచానికి వేలాడే నవారు. మెడలో కట్టిన తాయెత్తు దారం, అది మంచం కోడుకో గొళ్లేనికో తగులుకుంటుంది. కాళ్లు నేలకు తగులుతున్నాయి కదా, ప్రమాదం లేదు అనుకోకండి. కాళ్లు నేల మీద ఉన్నా, మోకాళ్ల మీద కూర్చుని ఉన్నా మెడ బిగుసుకోవచ్చు. ప్రాణం పోవచ్చు.

పెద్దపిల్లలు చూసింది చూసినట్టు చేస్తారు. 2022లో కర్ణాటకలోని చిత్రదుర్గలో ఒక అబ్బాయి ఇంట్లో భగత్ సింగ్ నాటకం అభ్యాసం చేశాడు. ఉరి తీసే సన్నివేశం చేస్తూ నిజంగానే చనిపోయాడు. ఇంట్లో పెద్దవాళ్లు లేరు. ఆట అనుకున్నది ప్రాణం తీసింది.

ఇవన్నీ అనుకోకుండా జరిగేవి. ఇక కావాలని చేసేవి కూడా ఉన్నాయి. తాగి వచ్చిన మనిషి బిడ్డ ఏడుపు ఆపడానికి గొంతు పట్టుకుంటాడు. కోపం పట్టలేని పెద్దమనిషి బిడ్డను మెడ పట్టి గోడకు ఆనించి ఎత్తుతాడు. చొక్కా కాలరు పట్టి మెలిపెడతాడు. "భయపెట్టాను అంతే" అంటాడు. భయపెట్టడానికి పట్టుకున్నా గొంతు గొంతే, ప్రాణం ప్రాణమే.

ఏ గుర్తులు చూడాలి?

బిడ్డను వెలుతురులోకి తీసుకురండి. చొక్కా విప్పండి. తొందరపడకుండా పైనుంచి కిందికి చూడండి.

మెడ: ముందు చూడండి, పక్కల చూడండి, వెనక జుట్టు ఎత్తి చూడండి. తాడు బిగిస్తే గీత లాంటి మచ్చ ఉంటుంది. వేళ్లతో పిసికితే గుండ్రటి కమిలిన మచ్చలుంటాయి. గోళ్లు గుచ్చుకున్న చిన్న చంద్రవంక గీతలుంటాయి. బిడ్డ మెడ విడిపించుకోవాలని తన గోళ్లతోనే గీరుకుని ఉండొచ్చు. ఆ గీతలు కూడా చూడండి.

కళ్లు: తెల్లగుడ్డులో ఎర్ర మరకలున్నాయా? కనురెప్పను మెల్లగా కిందికి లాగి లోపల చూడండి. సూదిమొనతో చుక్కలు పెట్టినట్టు సన్నటి ఎర్ర చుక్కలున్నాయా? అవి చాలా ముఖ్యమైన గుర్తు. పైకి పోయిన రక్తం కిందికి దిగే దారి లేక సన్నటి నాళాలు చిట్లితే ఆ చుక్కలు వస్తాయి. చుక్కలు ముఖం మీద, చెవుల వెనక, నోటి లోపల అంగిట్లో కూడా రావచ్చు. బిడ్డ నల్లగా ఉంటే చర్మం మీద అవి సరిగా కనిపించవు. అందుకే కనురెప్పల లోపల, నోటి లోపల తప్పకుండా చూడాలి.

గొంతు: మాట బొంగురు పోయిందా? ఏడుపు సన్నగా, కీచుగా వస్తోందా? ఊపిరి పీల్చేటప్పుడు శబ్దం వస్తోందా? మింగుతుంటే నొప్పి అంటోందా? చొంగ కారుస్తోందా? పాలు తాగే బిడ్డ పాలు వద్దంటోందా? మెడ వాచిందా? వాచిన చోట వేలు తగిలిస్తే చర్మం కింద చిటపటమన్నట్టు ఉందా? అలా ఉంటే ఊపిరి గొట్టానికి దెబ్బ తగిలి గాలి చర్మం కిందికి వచ్చిందేమోనని అనుమానించాలి. ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

తల: కాసేపు స్పృహ తప్పిందా? బట్టల్లో మూత్రం పోసుకుందా? మామూలుగా పక్క తడపని బిడ్డ ఒంటి మీదే పోసుకుంటే స్పృహ తప్పి ఉండొచ్చు. వాంతులా? తలనొప్పా? మగతగా ఉందా? మూర్ఛ వచ్చిందా? చెయ్యో కాలో బలం లేకుండా వేలాడుతోందా? మాట తడబడుతోందా?

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి పోవాలి.

మచ్చ లేకపోతే దెబ్బ లేనట్టేనా?

కాదు. ఈ ఒక్క మాట ఇంటికి తీసుకుపోండి. మెడ మీద మచ్చ లేకపోయినా లోపల దెబ్బ ఉండొచ్చు.

సన్నటి నైలాను తాడు అయితే గీత పడుతుంది. మెత్తటి పాత చీర అయితే మచ్చే పడకపోవచ్చు. మోచేత్తో మెడ చుట్టూ బిగిస్తే కూడా మచ్చ పడకపోవచ్చు. కొన్ని మచ్చలు మర్నాటికి గాని కమిలి కనిపించవు. కాబట్టి పైమచ్చ చిన్నది, అందుకని దెబ్బ చిన్నది అని లెక్క కట్టకండి.

గొంతు బిగుసుకున్న బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాలి. లోపలి వాపు ఒక రోజు, ఒకటిన్నర రోజు దాకా పెరగొచ్చు. రక్తనాళం లోపల దెబ్బ తగిలి ఉంటే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. పిల్లలకు పక్షవాతమేంటని అనుకోకండి. రావచ్చు.

వెంటనే ఏం చెయ్యాలి?

బిడ్డ వేలాడుతూ కనిపిస్తే ముందు బిడ్డను కిందనుంచి ఎత్తి పట్టుకోండి. బరువు మెడ మీద పడకుండా చూడండి. ఇంకొకరిని కేకేసి పిలవండి. తాడు వదులు చెయ్యండి. వదులు కాకపోతే కత్తితోనో కొడవలితోనో కొయ్యండి. వీలైతే ముడి దగ్గర కొయ్యకండి, ముడికి దూరంగా కొయ్యండి. ముడి ఎలా ఉందో తర్వాత చూడాల్సి వస్తుంది. కానీ ముడి కోసం ఆలస్యం చెయ్యకండి. ముందు ప్రాణం.

బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. తల, మెడ, నడుము ఒక్క వరుసలో ఉండాలి. మెడ తిప్పకూడదు, వంచకూడదు. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఫోన్ పక్కన పెట్టి మాట వినిపించేటట్టు చేసుకోండి. అవతలివాళ్లు ఏం చెయ్యాలో చెబుతారు.

బిడ్డ పొట్ట, రొమ్ము కదులుతున్నాయా చూడండి. దీనికి 10 సెకన్లు దాటకూడదు. ఊపిరి ఆడుతుంటే అలాగే కదపకుండా ఉంచండి. ఊపిరి ఆడకపోతే, పలకకపోతే రొమ్ము నొక్కాలి. ఏడాది దాటిన బిడ్డకు రొమ్ము మధ్య ఎముక మీద ఒక అరచేతి మడమ పెట్టి నొక్కాలి. ఏడాది లోపు పసిబిడ్డకు రెండు చేతులతో రొమ్ము చుట్టూ పట్టుకుని రెండు బొటనవేళ్లతో నొక్కాలి. రొమ్ము మందంలో మూడో వంతు లోపలికి దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 30 సార్లు నొక్కి, రెండుసార్లు నోటితో గాలి ఊదాలి. గాలి ఊదేటప్పుడు దవడ ఎముకను కొంచెం ముందుకు ఎత్తాలి. మెడను వెనక్కి విరవకూడదు. 108 వచ్చేదాకా ఆపకూడదు.

ఇది మాటలతో వచ్చే పని కాదు, చేత్తో నేర్చుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడగండి. బొమ్మ మీద చూపించమనండి. పదిమంది కలిసి అడిగితే కాదనరు.

ఏం చెయ్యకూడదు?

స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకండి. మజ్జిగ పోయకండి. అవి ఊపిరి గొట్టంలోకి పోతాయి. బిడ్డను పట్టుకుని ఊపకండి. మెడకు నూనె రాసి రుద్దకండి. కమిలిన చోట పసుపు, సున్నం, కాఫీపొడి అద్దకండి. దానివల్ల దెబ్బ మానదు, మచ్చ మాత్రం కప్పబడిపోతుంది. డాక్టరుకు కనిపించాల్సింది కనిపించదు. దిష్టి తియ్యడం ఆసుపత్రి నుంచి వచ్చాక తీసుకోవచ్చు. తాయెత్తు కోసం తిరిగి పొద్దు పోగొట్టకండి.

ఆసుపత్రిలో ఏం చూస్తారు?

తల్లి ముందుగా "బిడ్డ గొంతు బిగిసింది" అని గట్టిగా చెప్పాలి. "పడిపోయింది", "బాగాలేదు" అంటే డాక్టరు వేరే దారిలో వెతుకుతారు. ఎప్పుడు జరిగింది, దేంతో బిగిసింది, ఎంతసేపు, స్పృహ తప్పిందా, మూత్రం పోయిందా, ఇవన్నీ చెప్పాలి. చదవడం, రాయడం వచ్చింది కదా, ఒక కాగితం మీద రాసుకుని పోండి. కంగారులో నోటికి రానిది కాగితం మీద ఉంటుంది.

డాక్టరు కళ్లు, నోరు, చెవుల వెనక, మెడ, ఒళ్లంతా చూస్తారు. వేలికి చిన్న క్లిప్పు పెట్టి రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో చూస్తారు. అవసరమైతే మెడకు ఎక్స్‌రే తీస్తారు. సన్నటి గొట్టం పెట్టి గొంతు లోపల చూస్తారు. రక్తనాళాలకు దెబ్బ తగిలిందేమో చూడాలంటే రక్తంలోకి మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తారు. అది చిన్న ఆసుపత్రిలో ఉండదు, పెద్దాసుపత్రికి పంపుతారు. "ఒక రోజు ఉంచండి, చూద్దాం" అంటే ఉంచండి. ఇంట్లో పనులున్నాయని సంతకం పెట్టి తీసుకురాకండి. ఆ రోజు ప్రమాదం ఎక్కువ ఉన్న రోజు.

ఎవరైనా కొట్టి ఉంటారని అనుమానం వస్తే రెండేళ్ల లోపు బిడ్డకు ఒళ్లంతా ఎక్స్‌రే తీస్తారు. పాత విరుపులు ఉంటే అందులో బయటపడతాయి. మచ్చలకు ఫోటోలు తీస్తారు. పోలీసు కేసు పుస్తకంలో రాస్తారు. దానికి భయపడకండి. అది తల్లి మీద కేసు కాదు, బిడ్డకు జరిగినదానికి సాక్ష్యం.

"ముందు పోలీసు కాగితం తెండి, తర్వాత చూస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలు అని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు డాక్టరుకైనా ప్రైవేటు డాక్టరుకైనా అదే మాట.

ఎలా జరిగింది?

ఇప్పుడు మూడో మాట. మెడ మీద మచ్చ ఉంది. "ఆడుకుంటూ పడింది" అని ఇంట్లో ఒకరు చెప్పారు. అది నిజమా? నిజం కావచ్చు, కాకపోవచ్చు. కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

బిడ్డ వయసెంత? బోర్లా పడలేని, పాకలేని పసిబిడ్డకు తనంత తాను దెబ్బ తగిలించుకోవడం రాదు. నాలుగు నెలలు నిండని బిడ్డకు ఒంటి మీద ఎక్కడ కమిలినా డాక్టరుకు చూపించాలి. నాలుగేళ్ల లోపు బిడ్డకు మోకాళ్ల మీద, మోచేతుల మీద, నుదుటి మీద దెబ్బలు మామూలే. నడిచే పిల్లలు పడతారు. కానీ మెడ మీద, చెవి మీద, రొమ్ము మీద, పొట్ట మీద, వీపు మీద కమిలితే అనుమానించాలి. పడిన బిడ్డకు మెడకు రెండు పక్కలా మచ్చలు పడవు.

చెప్పిన కథకీ దెబ్బకీ పొంతన ఉందా? పొద్దున ఒక మాట, సాయంత్రం ఇంకో మాట చెబుతున్నారా? దెబ్బ తగిలి ఎంతసేపటికి ఆసుపత్రికి తెచ్చారు? పాత మచ్చలు ఇంకా ఉన్నాయా? ఒక మనిషిని చూస్తే బిడ్డ బిగుసుకుపోతుందా? నిద్రలో ఉలిక్కిపడుతుందా?

అయితే ప్రతి మచ్చకీ ఒకరి మీద నింద వెయ్యకూడదు. పుట్టుకతో కొందరు పిల్లలకు నడుము మీద, పిర్రల మీద నీలం మచ్చలుంటాయి. అవి దెబ్బలు కావు. కోరింత దగ్గు వచ్చినా, బాగా వాంతులు అయినా కళ్లలో ఎర్ర చుక్కలు రావచ్చు. మెడ ముడతల్లో చెమటకాయలు వస్తాయి. తాయెత్తు దారం ఒరుసుకుని గీత పడుతుంది. నిజం తేల్చేది డాక్టరు. డాక్టరు దాకా తీసుకుపోవడం తల్లి పని.

బిడ్డను ఎలా అడగాలి?

"నాన్న నీ గొంతు పట్టుకున్నాడా?" అని అడగకండి. బిడ్డ భయపడి కాదంటుంది, లేకపోతే అమ్మను సంతోషపెట్టడానికి అవునంటుంది. "ఏమైందమ్మా?" అని అడగండి. "తర్వాత ఏమైంది?" అనండి. చాలు. పదిమంది చుట్టూ చేరి పదిసార్లు అడగకండి.

చిన్నపిల్లలకు "గొంతు పిసికాడు" అనే మాట తెలియకపోవచ్చు. "ఇక్కడ పట్టుకున్నాడు" అని మెడ చూపిస్తారు. "ఊపిరి రాలేదు" అంటారు. "అంతా నల్లగా అయిపోయింది" అంటారు. ఆ మాటలు ఎలా అన్నారో అలాగే రాసిపెట్టుకోండి. తేదీ వెయ్యండి, టైము వెయ్యండి. తర్వాత "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అని చెప్పండి.

ఇంటి గుట్టు అంటే?

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. ఆరేళ్ల పాప గొంతు బొంగురు పోయింది. మెడ పక్కన వేలి మచ్చలున్నాయి. తల్లికి విషయం తెలుసు. రాత్రి పాప తండ్రి తాగి వచ్చాడు. అత్త అంటుంది: "వాడు కావాలని చేశాడా? మత్తులో చేశాడు. ఇంటి గుట్టు రచ్చకీడుస్తావా? వాణ్ణి జైల్లో పెట్టిస్తే కూడెవరు పెడతారు?" తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. పాపకు వేడినీళ్లు తాగిస్తుంది.

ఆ తల్లిని తిట్టడం తేలిక. కానీ ఆమె మెడ మీద కూడా ఒకనాడు ఆ చెయ్యి పడి ఉండొచ్చు. భార్య గొంతు పట్టుకున్న మగవాడు ఇంకోసారి ప్రాణం తీసేదాకా పోగలడు. ఆ ఇంట్లో బిడ్డలకు కూడా భద్రం లేదు. కూడు పెట్టే మనిషి కావాలి, నిజమే. కానీ తినడానికి బిడ్డ మిగలాలి కదా!

ఇక్కడ ఇరుగుపొరుగు అవసరం. సంఘం అవసరం. ఒక్క తల్లి పోలీసు స్టేషన్‌కు పోలేదు. నలుగురు కలిసి పోగలరు. అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. ఆశా అక్కకు చెప్పండి. "నీ వెనక మేమున్నాం" అన్న ఒక్క మాట చాలా పని చేస్తుంది.

బడిలో అయినా అంతే. పంతులైనా పిల్లల మెడ పట్టుకునే హక్కు లేదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది.

చట్టం ఏం చెబుతోంది?

2015 బాలల న్యాయ చట్టం ఉంది. బిడ్డను చూసుకోవాల్సిన మనిషే బిడ్డను కొట్టి హింసిస్తే 3 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చంపాలని చేస్తే ఇంకా పెద్ద శిక్ష. 2005 గృహహింస చట్టం కింద తల్లి తనకూ బిడ్డకూ రక్షణ అడగొచ్చు. ఆ మనిషి దగ్గరికి రాకుండా కోర్టు ఆపగలదు.

ఏ పోలీసు స్టేషన్‌లో అయినా ఫిర్యాదు ఇవ్వొచ్చు. "ఇది మా స్టేషన్ కిందికి రాదు" అనకూడదు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో ఈ మాట రాసి ఉంది. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. వేలిముద్ర వేసే రోజులు పోయాయి. రాసింది చదివి, నిజమైతేనే సంతకం పెట్టండి.

తాడు, చీర, బిడ్డ వేసుకున్న చొక్కా ఉతకకండి, పారెయ్యకండి. కాగితం సంచిలో పెట్టి ఉంచండి. మచ్చలకు ఫోన్‌తో ఫోటో తియ్యండి. మర్నాడు మళ్లీ తియ్యండి.

ఈ నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి:

108 – అంబులెన్స్
112 – పోలీసు, ఏ ఆపదకైనా
1098 – పిల్లల సహాయం
181 – ఆడవాళ్ల సహాయం
14416 – మనసు బాధకు సలహా

చివరి నంబరు ఎందుకు? ఒక్కోసారి పెద్దపిల్లలు మనసు విరిగి తామే మెడకు బిగించుకుంటారు. పరీక్ష తప్పారని, ఎవరో మాట అన్నారని. బతికిన బిడ్డను "పరువు తీశావు" అని తిట్టకండి. పోలీసుల భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచకండి. ఆ బిడ్డకు కావాల్సింది శిక్ష కాదు, సాయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా అదే చెబుతోంది. ఆ రోజుల్లో బిడ్డను ఒంటరిగా వదలకండి.

ముందు జాగ్రత్తలు

చీర ఉయ్యాలలో పెద్దపిల్లలను ఆడనివ్వకండి. బిడ్డ లేనప్పుడు ఉయ్యాల చీర పైకి కట్టెయ్యండి. ఉయ్యాలలో బిడ్డ ఉంటే కంటికి కనిపించే చోట ఉండండి. పసిపిల్లల మెడలో దారాలు, గొలుసులు వెయ్యకండి. పరదా తాళ్లు పిల్లలకు అందకుండా పైకి చుట్టండి. మంచం, ఉయ్యాల కిటికీ పక్కన వెయ్యకండి. మోటారు సైకిల్ ఎక్కేటప్పుడు చున్నీ, కొంగు చుట్టి దోపుకోండి. యంత్రాల దగ్గరికి ఓణీ వేలాడేసుకుని పోకండి. పలుపుతాళ్లతో గుర్రం ఆట ఆడుతుంటే తాడు మెడకు కాదు, నడుముకు కట్టుకోమని చెప్పండి. సంక్రాంతి గాలిపటాలకు నైలాను మాంజా కొనకండి. అది మెడలు కోస్తుంది. 2017లో దేశమంతటా దాన్ని నిషేధించారు.

బిడ్డ ఏడుపు ఆగక విసుగొస్తే, చేతులు వణికేంత కోపం వస్తే బిడ్డను పక్క మీద పడుకోబెట్టి అవతలికి రండి. మొహం కడుక్కోండి. పక్కింటామెను పిలవండి. ఏడ్చినందుకు బిడ్డ చావదు. కోపం వచ్చిన చెయ్యి మెడ మీద పడితే చస్తుంది. ఈ మాట ఇంట్లో మగవాళ్లకు కూడా చదివి వినిపించండి.

అమ్మలారా! మెడ మీద మచ్చ చిన్నది. దాని వెనక సంగతి పెద్దది. చూసిన కన్ను ఊరుకోకూడదు.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. గొంతు బిగిసిన బిడ్డ ఎందుకు అరవలేదు?
2. మచ్చ లేకపోయినా ఆసుపత్రికి ఎందుకు పోవాలి?
3. కనురెప్ప లోపల ఏం చూడాలి?
4. ఆరేళ్ల పాప ఇంటి పక్కన మీరు ఉంటే ఏం చేస్తారు?
5. మీ ఇంట్లో బిడ్డ మెడకు తగులుకునే తాళ్లు ఎన్ని ఉన్నాయి? ఇవాళే లెక్క పెట్టండి.

ఈ మాటలు చదవండి – రాయండి

మెడ, గొంతు, ఊపిరి, మచ్చ, వాపు, కనురెప్ప, స్పృహ, రక్తనాళం, ఆసుపత్రి, సాక్ష్యం, సంతకం, ధైర్యం.